క్లిప్పుంది... ఫైలేదీ?

మెయిల్ పక్కన క్లిప్పు గుర్తుంటుంది. ఫైలు పేరూ కనిపిస్తుంది. తీరా మన ప్రోగ్రాం దాన్ని డౌన్‌లోడ్ చేశాక తెరిస్తే... సున్నా బైట్లు! నరసరావుపేటలో మిర్చి వ్యాపారులకు బిల్లుల సాఫ్ట్‌వేర్ రాసే కుర్రాడికైనా, అమెరికాలోని ప్రోగ్రామర్‌కైనా ఈ తిప్పలు తప్పవు. ఆర్డరు కాపీ ఖాళీగా వస్తే పిడుగురాళ్లలో సున్నం లారీ కదలదు మరి!

మెయిల్ పుట్టింది ఉత్త అక్షరాల కోసం. ఫైళ్లు పంపే 'మైమ్' పద్ధతికి నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ 1992లో రూపమిచ్చారు. ఫైలులోని ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలవుతాయి. ఇదే బేస్64. చిక్కులు ఎక్కువగా దీన్ని విప్పేచోటే.

ముందు ఆ మెయిల్‌ని బ్రౌజర్లో తెరవండి. అక్కడా ఫైలు ఖాళీగానే ఉంటే తప్పు పంపినవారిది. బాగానే ఉంటే ఇవి చూడండి.

* జీమెయిల్ ఏపీఐని మెయిల్ అడిగితే, అటాచ్‌మెంట్‌కి సాధారణంగా పేరు, సైజు, ఐడీ మాత్రమే ఇస్తుంది. అది పార్సిల్ రసీదు లాంటిది. ఆ ఐడీతో మళ్లీ అడిగితేనే సరుకు చేతికొస్తుంది. చాలామంది రసీదుతోనే ఆగిపోతారు.

* జీమెయిల్ వాడేది బేస్64లో మరో రకం. ప్లస్, స్లాష్ గుర్తుల బదులు హైఫన్, అండర్‌స్కోర్ ఉంటాయి. వాటిని మార్చకుండా మామూలు డీకోడర్‌కి ఇస్తే ఫైలు పాడవుతుంది, లేదా ఖాళీ అవుతుంది.

* అవుట్‌లుక్ మెయిళ్లకు వాడే మైక్రోసాఫ్ట్ గ్రాఫ్‌లో అటాచ్‌మెంట్లు మూడు రకాలు: ఫైలు, మెయిల్‌లో మరో మెయిల్, వన్‌డ్రైవ్ లాంటి చోట దాచిన ఫైలుకి లింకు. 'కంటెంట్ బైట్స్' ఉండేది మొదటిదానికే. మిగతా రెంటినీ అలాగే చదివితే ఏమీ దొరకదు.

* ఒక భాగంలో మరో భాగం, అందులో ఇంకోటి... మెయిల్ ఉల్లిపాయ లాంటిది. పైపొర చూసి ఊరుకోకుండా చివరిదాకా వెతకాలి.

* డేటాని మెమరీ స్ట్రీమ్‌లో రాశాక గుర్తు చివర్లో ఉండిపోతుంది. దాన్ని మొదటికి తేకుండా కాపీ చేస్తే వచ్చేది శూన్యమే.

చివరగా ఒక జాగ్రత్త. ఫైలు సేవ్ కాగానే సైజు సున్నా కాదని ప్రోగ్రాంతోనే సరిచూపించండి. అది తేలాకే సర్వర్లో మెయిల్‌ని తొలగించనివ్వండి. ముందే తీసేస్తే వ్యాపారి బిల్లు మళ్లీ దొరకదు!