నగర ప్రణాళికలో మన మాట

నగరం పెరిగిందని ముందుగా తెలిసేది ప్రణాళికా శాఖకు కాదు, పోస్టుమాన్‌కు. పటంలో లేని కాలనీకి ఉత్తరం పట్టుకొని వెళ్లేది అతడే. ఏ వానకు ఏ వంతెన వద్ద పట్టాలు మునుగుతాయో గ్యాంగ్‌మన్‌కు తెలుసు. అయినా నగరం ఎటు పెరగాలన్న చర్చలో వీరి అభిప్రాయం అడిగేవారు అరుదు.

ఈ విషయంలో హైదరాబాదు అనుభవం అన్ని రాష్ట్రాల సభ్యులూ పరిశీలించదగినది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఎగువనే నీటిని నిలపాలన్నది మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలలో ప్రధానమైనది. ఆ ప్రకారం మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వీటి పరీవాహక ప్రాంతంలో 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో, కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధిస్తూ 1996లో 111వ నంబరు ఉత్తర్వు వెలువడింది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగించింది. నగరం ఇప్పుడు ప్రధానంగా కృష్ణా, గోదావరి నీరు తాగుతున్నదన్నది అందుకు చూపిన కారణం. కాని ఈ జలాశయాలు కట్టినది దాహానికి మాత్రమే కాదు, వరదకు. 2020 అక్టోబరులో చెరువు కట్టలు తెగి పాతబస్తీ దక్షిణాన కాలనీలు మునిగినపుడు దాని అర్థం తెలిసివచ్చింది.

అలాగని ఆ గ్రామాల రైతులను తప్పుపట్టలేము. పక్కనే శ్రీమంతుల ఫామ్‌హౌసులు లేస్తుండగా, నిషేధం తమకేనా అని వారు అడిగిన ప్రశ్న న్యాయమైనది. నగరాన్ని కాపాడే భూమికి నగరమే పరిహారం చెల్లించాలన్న కోర్కెను మనమూ గట్టిగా వినిపించలేదు. చౌకగా వస్తున్నదని శిఖం భూమిలో ప్లాట్లు కొన్నవారిలో మన సభ్యులూ లేకపోలేదు. ఈ మాట చెప్పుకోక తప్పదు.

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షల జనాభా దాటిన పట్టణాలకు వార్డు కమిటీలను, మహానగరాలకు మూడింట రెండువంతులు ఎన్నికైన సభ్యులుండే ప్రణాళికా కమిటీలను నిర్దేశించింది. చాలాచోట్ల ఇవి కాగితం దాటలేదు. ముసాయిదా పటంలో సర్వే నంబరు వెదికి, గడువులోగా అభ్యంతరం దాఖలు చేయగలిగేది భూవ్యాపారే గాని, రాత్రి డ్యూటీ దిగివచ్చిన లోకో పైలట్ కాడు.

కనుక ముసాయిదా పటాలను ప్రజల భాషలో పోస్టాఫీసులలోను, రైల్వేస్టేషన్లలోను ప్రదర్శించాలని, విచారణలు వార్డులలోనే సెలవు దినాలలో జరపాలని మన శాఖలు కోరాలి. ముంపుకు గురయ్యే వీధుల వివరాలను డెలివరీ సిబ్బంది నుండి, నీరు నిలిచే పట్టాల వివరాలను ట్రాక్ సిబ్బంది నుండి సేకరించి, నకలు కేంద్ర కార్యాలయానికి వర్షాలకు ముందే పంపవలసిందిగా శాఖా కార్యదర్శులను కోరుతున్నాము.