మరచినవారు – మరువనివారు

పూర్వస్మృతి నశించిన ఒక వ్యక్తి, పాతబడిన ఒక యిల్లు, ఆ యింటిలో ఎవరూ నోరు విప్పి చెప్పని ఒక సంగతి – ఈ మూడింటిని ముడివేసి వ్రాసిన నవలలకు లోకంలో ఎన్నడూ కొదువ లేదు. మనస్తత్వశాస్త్రం పేరు చెప్పుకొని వచ్చే ఇటువంటి ఉత్కంఠ కథలు నేడు పుస్తకాలలోనే కాక తెరమీద కూడ విరివిగా కనబడుతున్నవి. విద్యార్థులు వీటిని తిండి మాని చదువుతారు, నిద్ర మాని చూస్తారు. ఇవి కాలక్షేపపు సరుకని త్రోసిపుచ్చే ఉపాధ్యాయులు కొందరు. మానవుని మనస్సు అచ్చముగా ఇట్లే పనిచేస్తుందని నమ్మే విద్యార్థులు అనేకులు. ఉభయులూ అడుగని ప్రశ్న ఒకటి ఉన్నది. ఈ కథలలో చూడవలసినది మరచినవానినా, మరువక ఊరకున్నవానినా?

అగాథా క్రిస్టీ రచించిన 'స్లీపింగ్ మర్డర్' ఈ ప్రశ్నకు మంచి తావు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వ్రాసి దాచి ఉంచిన ఈ నవల, ఆమె కన్నుమూసిన 1976వ సంవత్సరంలో వెలువడినది. భారతదేశంలో పుట్టి, తల్లిని పోగొట్టుకొని, న్యూజిలాండులో బంధువుల చేతులమీద పెరిగిన గ్వెండా అనే యువతి, కొత్తగా పెండ్లియై ఇంగ్లండు వచ్చి సముద్రతీరాన ఒక యిల్లు కొంటుంది. ఆ దేశంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి అని ఆమె నమ్మకం. తోటలో ఒకచోట మెట్లుంటే బాగుండునని ఆమెకు తోస్తుంది. పనివాడు పొదలు తొలగిస్తే అక్కడ పాత మెట్లు బయటపడతవి. గోడకు ఒకచోట తలుపు పెట్టించవలెననుకొంటుంది. పూర్వం అక్కడ తలుపే ఉండేదని, తరువాత పూడ్చివేసినారని తెలుస్తుంది. పసిపిల్లల గదికి ఇటువంటి పువ్వుల కాగితం అంటించవలెనని తలపోస్తుంది. ఏండ్ల తరబడి తెరవని అలమారును తెరపించగా లోపలి గోడమీద ఆ పువ్వులే ఉన్నవి. ఆ తరువాత లండనులో ఒక పాత విషాదాంత నాటకం చూస్తూ, అందులోని ఒక మాట చెవిని పడగానే ఆమె కేకవేసి లేచి పరుగెత్తుతుంది. మెట్లమీది కమ్ముల సందునుండి, క్రింద ఒక స్త్రీ గొంతు నులిమి చంపబడడం పసితనంలో తాను చూచినట్లు ఆ క్షణాన ఆమెకు జ్ఞప్తికి వస్తుంది.

సామాన్య రచయిత ఇక్కడ దయ్యాన్నో పునర్జన్మనో తెచ్చి ఉండేవాడు. మిస్ మార్పుల్ అనే ముసలమ్మ ఆ భయాన్ని ఒక్క మాటతో తీసివేస్తుంది: ఈ పిల్ల పసితనంలో ఈ యింటనే ఉండి ఉండవచ్చును గదా అని. అంత తేలిక. గ్వెండా తండ్రి భారతదేశంలో ఉద్యోగం చేసిన సైనికాధికారి. భార్య పోయిన తరువాత బిడ్డను వెంటబెట్టుకొని స్వదేశానికి పోతూ, ఓడలో పరిచయమైన హెలెన్‌ను రెండవ పెండ్లి చేసికొన్నాడు. ఆ సవతితల్లియే హతురాలు. హంతకుడు ఆమె అన్న, ఊరిలో మర్యాద గల వైద్యుడు. అతడు చెల్లెలిని చంపడంతో ఊరకొనలేదు. బావకు మందులు పెట్టి, భార్యను తానే గొంతు పిసికి చంపినానని ఆ అమాయకుడు నమ్మేటట్లు చేసినాడు. ఆ నమ్మకంతోనే ఆ తండ్రి చికిత్సాలయంలో ప్రాణం తీసికొన్నాడు.

కథ ముందుగా చెప్పివేయడం న్యాయం కాదని నవలాప్రియులు కోపించవచ్చును. గుట్టు తెలిసిన మరునిమిషమే చచ్చిపోయే నవల ఎట్లాగూ బ్రదుకదు. ఇది గుట్టు తెలిసిన తరువాత కూడ చదువదగినది. ఏలయనగా ఇందులో ముగ్గురున్నారు. బిడ్డ జరిగినదానిని మరచినది. తండ్రి జరుగనిదానిని జ్ఞాపకం పెట్టుకొన్నాడు. వైద్యుడు అంతా ఎరిగి, పదునెనిమిదేండ్లు పెద్దమనిషిగా చెలామణీ ఐనాడు. పాఠకుని దృష్టి మొదటినుండి బిడ్డమీదనే నిలుస్తుంది. రచయిత్రి భారమంతా మోపినది మాత్రం ఆ మూడవవానిమీద.

ఇందుకు భిన్నమైన పద్ధతి ఒకటి ఉన్నది. హిచ్‌కాక్ దర్శకత్వంలో 1945లో వచ్చిన 'స్పెల్‌బౌండ్' చలనచిత్రం దానికి మేలిబంతి. అందులో కథానాయకుడు తన పేరే మరచి, తాను చంపినానని భావించిన వైద్యుని పేరు పెట్టుకొని తిరుగుతాడు. చిన్ననాడు ఆటలో తన మూలముగా తమ్ముడు ఇనుపచువ్వలమీద పడి చనిపోయిన జ్ఞాపకం అతని మనస్సులో మరుగున పడి ఉన్నది. వైద్యురాలు అతని స్వప్నాన్ని విప్పి చెబుతుంది. ఆ స్వప్నదృశ్యాలను చిత్రకారుడు డాలీ కల్పించినాడు, అవి చూడదగినవే. మరుగుపడినది గుర్తుకు వచ్చుటతోడనే రోగం పోతుంది, నింద పోతుంది, పెండ్లియౌతుంది. బ్రాయరు, ఫ్రాయిడు కలిసి 1895లో హిస్టీరియామీద ప్రకటించిన గ్రంథంలోని ఊహకు ఇది సినిమా వేషం. మనస్సు తాళం వేసిన గది, వైద్యుని చేతిలో తాళపుచెవి, లోపల నిజం ధూళి అంటకుండ పడి ఉన్నది – ఈ నమూనా రచయితలకు ఎంత సదుపాయమో చెప్పనక్కరలేదు. నాటినుండి నేటివరకు వందలకొలది కథలు ఈ ఒక్క చెవితోనే తెరువబడినవి.

చిక్కు ఏమనగా, స్మృతి అట్లా ఉండదు. మూర్ఛరోగం కుదర్చడానికి 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకునికి మెదడులో శస్త్రచికిత్స చేసినారు. అతడు తన పేరు మరువలేదు, చిన్ననాటి ముచ్చట్లు మరువలేదు. కొత్తగా జరిగినది మాత్రం అతని మనస్సులో నిలువలేదు. 2008లో మరణించేవరకు ఎందరో శాస్త్రజ్ఞులు అతనినుండి స్మృతి స్వభావాన్ని నేర్చుకొన్నారు. పేరూ ఊరూ మరచి, తక్కిన తెలివి అంతా నిలుపుకొనే నవలానాయకుని జబ్బు లోకంలో లేకపోలేదు గాని బహు అరుదు.

మరొక ప్రయోగం ఇంకను ఆలోచింపదగినది. ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరురాలు 1995లో దానిని ప్రకటించినారు. 24 మందికి వారి బాల్యంలో జరిగిన మూడు నిజమైన సంఘటనలను ఇంటివారినుండి సేకరించి, వాటితో ఒక కల్పనను కలిపి చెప్పినారు – ఐదేండ్ల వయస్సులో అంగడిలో తప్పిపోయి ఏడుస్తుంటే ఒక ముసలామె చేరదీసినదని. సుమారు నాలుగవవంతుమంది ఆ జరుగని సంఘటనను కొంతగానో పూర్తిగానో జ్ఞాపకం తెచ్చుకొన్నారు. ఇంటివారు చెప్పినారన్న నమ్మకమే అక్కడ విత్తనమైనది. స్మృతి పెట్టెలో దాచిన నగవంటిది కాక, తలచినప్పుడెల్ల కొత్తగా వండుకొనే వంటవంటిదని తేలినది. ఉప్పు ఎవరు వేసినారో తినేవానికి తెలియదు. క్రిస్టీ నవలలోని ఆ తండ్రి దుర్గతి కట్టుకథ మాత్రమే కాదని పాఠకుడు ఇక్కడ గ్రహించవచ్చును.

తాళపుచెవి నమూనాను న్యాయస్థానాలు నమ్మితే ఏమి జరుగుతుందో కూడ లోకం చూచినది. కాలిఫోర్నియాలో 1969లో జరిగిన ఒక బాలిక హత్యకు, ఇరువదేండ్ల తరువాత ఒక కూతురికి తిరిగివచ్చిన జ్ఞాపకం ఆధారముగా, ఆమె తండ్రికి 1990లో శిక్ష పడినది. ఆమె చెప్పిన వివరాలు ఆనాటి వార్తాపత్రికలలో అచ్చయినవేనని జూరీకి చూపే అవకాశం ప్రతివాదికి దొరకలేదు. 1995లో పైకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. మరుసటి యేడు అతడు విడుదలైనాడు.

ఈ మాట విని, బాల్యంలో హింస పడినామని చెప్పేవారిని శంకించడం మొదటి తప్పుకంటె పెద్ద తప్పు. అట్టివారిలో అధికులు ఏమీ మరువరు. మరువగలిగితే బాగుండునని కోరుకొంటారు. కేంద్రప్రభుత్వపు స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ, ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో జరిపించిన అధ్యయనాన్ని 2007లో ప్రకటించినది. ప్రశ్నించిన బాలబాలికలలో సగానికి మించినవారు ఏదో ఒక విధమైన లైంగిక దుష్ప్రవర్తనకు గురియైనామన్నారు. దుర్మార్గులలో సుమారు సగంమంది బిడ్డ ఎరిగినవారే. పెక్కుమంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బిడ్డకు గుర్తున్నది. అనేక సందర్భాలలో పెద్దవారికీ తెలుసును. "ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెత ఆ యింటిలో పగలూ రాత్రీ కాపలా కాస్తూ ఉంటుంది. అందుకే 2012 నాటి బాలల రక్షణ చట్టం నేరం చేసినవానితో ఆగలేదు. తెలిసియు తెలుపనివానికి ఆరు నెలలవరకు, తన క్రిందివాని నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాదివరకు శిక్ష విధించినది. పాఠశాలలు ఆ మాటకు వెలుపల లేవు.

అపరాధకథలకు రాణియైన క్రిస్టీ జీవితంలో కూడ ఇటువంటి మౌనం ఒకటి ఉన్నది. 1926 డిసెంబరులో ఆమె పదకొండు దినాలు కనబడకపోయినది. చివరకు హారోగేట్ పట్టణంలో ఒక హోటలులో దొరికినప్పుడు, అక్కడి పుస్తకంలో ఆమె వ్రాసియున్న ఇంటిపేరు నీల్. అది తన భర్త మనసుపడిన స్త్రీ ఇంటిపేరు. ఆమెకు స్మృతి తప్పినదని భర్త పత్రికలవారితో చెప్పినాడు. ఆమె మరణానంతరం వెలువడిన స్వీయచరిత్రలో ఆ పదకొండు దినాల ఊసే లేదు. మరచినదో, మరువక మానినదో ఆమెకే తెలియవలెను.

మరపు కథలకు పెద్దన్నవంటిది విల్కీ కాలిన్స్ 1868లో ప్రకటించిన 'మూన్‌స్టోన్'. 1799లో శ్రీరంగపట్టణం ముట్టడినాడు ఒక ఆంగ్ల సేనాని హత్య చేసి అపహరించిన వజ్రం, ఇంగ్లండులో అతని మేనకోడలికి చేరి, ఆ రాత్రియే మాయమౌతుంది. దొంగను పట్టడానికి అందరికంటె ఎక్కువగా పాటుపడిన ఫ్రాంక్లిన్ బ్లేక్, తానే ఆ వజ్రాన్ని తీసినాడని చివరకు తేలుతుంది. ఒక వైద్యుడు రహస్యముగా ఇచ్చిన నల్లమందు మత్తులో చేసినపని. తెల్లవారేసరికి అతనికేమీ గుర్తు లేదు. కాలిన్స్ స్వయముగా బాధ తగ్గడానికి నల్లమందు ద్రావకం వాడినవాడు గనుక ఆ ఘట్టాలకు ఒక నిబ్బరం ఉన్నది. ఐనప్పటికీ నవలకు ప్రాణం ఫ్రాంక్లిన్ మరపు కాదు. అతడు వజ్రం తీయడం రేచెల్ తన కన్నులతో చూచినది. అతనిని ప్రేమించినది గనుక పోలీసులకు చెప్పలేదు. చెప్పలేదు గనుక అతని మొగం చూడలేకపోయినది. దాసి రోజన్నా, అతని రాత్రిదుస్తుకు అంటిన రంగు చూచి, దానిని దాచి, ఊబిలో పడి చనిపోయినది. మరచినవాడు సుఖముగా నిద్రించినాడు. గుర్తున్న ఇద్దరు స్త్రీలలో ఒకతె ఏడాది కుమిలినది, మరొకతె ప్రాణమే విడిచినది.

తెలుగులో ఇటువంటి కథకు అపరాధ పరిశోధన అక్కరలేదని బుచ్చిబాబు ఎరుగును. 'చివరకు మిగిలేది' నవలలో దయానిధి ఏమీ మరువలేదు, ఊరూ మరువలేదు. తల్లిని గురించిన మాట అతడు పోయినచోటికెల్ల అతనికంటె ముందుగా పోయి కూర్చుంటుంది. మరుగుపడిన గుట్టుకంటె అందరికీ తెలిసిన గుట్టే బరువైనదని నిరూపించిన నవల అది; ఏ మనస్తత్వ ఉత్కంఠ కథకూ ఇది తీసిపోదు.

తరగతిగదిలో ఈ విషయమంతా బోధించడానికి విదేశాలకు పోనక్కరలేదు. శకుంతలోపాఖ్యానం ఉన్నది. మహాభారతంలో దుష్యంతుడు మరువలేదు. కొడుకును వెంటబెట్టుకొని సభకు వచ్చిన శకుంతలను ఎరిగియే ఎరుగనన్నాడు. ఆకాశవాణి పలికిన పిమ్మట, లోకులు శంకిస్తారని అట్లా అన్నానన్నాడు. నన్నయ తెలుగు చేసినది ఆ కథనే. కాళిదాసు నాయకుని అబద్ధాన్ని భరించలేక, దుర్వాసుని శాపమూ ఉంగరమూ కల్పించి దానిని మరపుగా మార్చినాడు. నాటకం గొప్పది, రాజు బయటపడిన దారి మాత్రం 'స్పెల్‌బౌండ్' నాయకుడు బయటపడిన దారియే. ఐదవ అంకంలో హంసపదిక పాట విని, ఎవరినీ ఎడబాయకుండానే దుష్యంతుని మనస్సు కలతపడడం – స్మృతి లోలోపల కదలడాన్ని అంత సున్నితముగా పట్టుకొన్న ఘట్టం ఈ కోవ రచనలలో మరొకటి చూపడం కష్టం. ఐనను నన్నయ దుష్యంతుడే మనకు తెలిసిన మనిషి. పిల్లలను ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివించి, ఎవరిని క్షమించగలరో అడిగి చూడవలెను.

కాళిదాసు మాత్రం మరువనివారిని మరువలేదు. శాపం శకుంతల చెవిని పడలేదు. విన్నది అనసూయ, ప్రియంవద. సుకుమారి, తట్టుకొనలేదని ఆ సంగతి తమలోనే దాచుకొన్నారు. అత్తవారింటికి పయనమౌతున్న చెలికత్తెను కౌగిలించుకొని, రాజు గుర్తించడానికి జాగు చేస్తే ఈ ఉంగరం చూపుమని మాత్రం చెబుతారు. ఆ సందేహపు మాటకు శకుంతల వణికిపోతుంది. భయపడకుమని వారు ఓదారుస్తారు. ఎందుకట్లా అన్నారో చెప్పరు. పొద్దెక్కినది, నడువుడని శార్ఙ్గరవుడు తొందరపెడతాడు.