పాత కంప్యూటర్ని పడేసే ముందు

పోయిన అక్టోబరులో మా ఇంట్లో చిన్న పంచాయితీ అయింది. హాల్లో మూల బల్ల మీదున్న కంప్యూటర్ గురించి. తెలంగాణ వచ్చిన ఏడు, అంటే 2014లో, పెద్దోడి చదువు కోసం కొన్నాం. అప్పుడు అందులో విండోస్ 7 ఉండేది. తర్వాత విండోస్ 10 ఊరికే ఇస్తున్నారంటే 2016లో అది వేయించాం. పిల్లలిద్దరి ప్రాజెక్టులు, కరెంటు బిల్లులు, మా ఆయన పొలం కాగితాలు, నా రాతలు అన్నీ దాని మీదే. ఈ మధ్య బాగా నెమ్మదించింది. స్విచ్ వేసి, చాయ్ పెట్టుకుని తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది.

అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోతుందని తెర మీద వస్తుంటే, కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయిని పిలిపించాం. చూసి ఒక్క మాటలో తేల్చేశాడు. "అక్కా, ఇది పదకొండుకు ఎక్కదు. ఇగ దీని పని అయిపోయింది. నలభై వేలల్ల కొత్తది మంచిగొస్తది. ఈ డబ్బా నాకిస్తే అయిదు వందలు తగ్గిస్త."

మా ఆయన సరేనన్నారు. నేనూ సరేననే దాన్నే. అడ్డం పడింది అత్తమ్మ పాటలు.

మా అత్తమ్మకు బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, పెండ్లి పాటలు లెక్కలేనన్ని వచ్చు. పెళ్లికి ముందు నేను ఒక డీటీపీ షాపులో తెలుగు టైపింగ్ నేర్చుకున్నాను. బీఏ తెలుగు చదివినందుకు నాకు మిగిలిన పని అదొక్కటే అని నవ్వేవాళ్లు. ఆ విద్య ఇక్కడ పనికొచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె పాడుతుంటే నేను కొట్టుకుంటూ పోయేదాన్ని. అట్లా మూడు నాలుగేళ్లలో 63 పాటలు. అత్తమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆ పాటలు ఇంకెక్కడా లేవు.

దీపావళికి హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దోడు ఆ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో తన కొత్త ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. తెరిచి చూస్తే పాటల్లేవు. ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు, ఏవేవో గుర్తులు. నా గుండె జారిపోయింది. "అమ్మా, పాడైపోయినయేమో" అన్నాడు వాడు. పాడవలేదు. అదే ఫైలు పాత కంప్యూటర్లో తెరిస్తే బంగారంలా తెలుగు కనబడింది.

కారణం తర్వాత తెలిసింది. నేను వాడింది డీటీపీ షాపుల్లో వాడే పాత రకం ఫాంటు. అందులో కంప్యూటర్ లోపల దాచుకునేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ ఉండే అంకెలు. వాటి మీద ఫాంటు తెలుగు వేషం వేస్తుంది. ఆ ఫాంటు లేని చోట వేషం తీసేసినట్టే. ఇప్పుడు మనం ఫోన్లో రాసే తెలుగు యూనికోడ్. అందులో 'అ' అంటే ఏ దేశంలో, ఏ కంప్యూటర్లో తెరిచినా 'అ'నే. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. కానీ అప్పట్లో షాపుల్లో మాకెవరూ ఆ సంగతి చెప్పలేదు.

అయిదు వందలకు పోవలసిన డబ్బాలో మా ఇంటి పాటలున్నాయని అప్పుడు గానీ నాకు బుర్రకెక్కలేదు. పారేయడం తర్వాత, ముందు దీని సంగతేందో తెలుసుకుందామని కూర్చున్నాను.

మొదటి సంగతి, కంప్యూటర్ చెడిపోలేదు. మైక్రోసాఫ్ట్ విండోస్ 11కి కొన్ని షరతులు పెట్టింది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు ఉండాలంటే అవి మా దాంట్లోనూ ఉన్నాయి. కానీ టీపీఎం 2.0 అనే భద్రత చిప్పు కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆ తర్వాతవి అయ్యుండాలి. మాది నాలుగో తరం ఐ3. పని చేయగలదు గానీ జాబితాలో పేరు లేదు. మీ ఇంట్లో దాని సంగతి తెలుసుకోవాలంటే పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్ వాళ్లదే చిన్న ప్రోగ్రామ్ ఉంది. ఎక్కుతుందా ఎక్కదా, ఎక్కకపోతే ఏది తక్కువైందో అదే చెబుతుంది. ఎవరినీ అడిగే పని లేదు.

రెండో సంగతి, సపోర్ట్ ఆగడమంటే కంప్యూటర్ ఆగడం కాదు. కొత్తగా బయటపడే కన్నాలకు మాట్లు వేయడం ఆగుతుంది. అది చిన్న విషయమని నేననను. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌కి తలుపు గడియ ఊడిపోతే ఊరుకుంటామా? అయితే ఇళ్లల్లో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రత అప్‌డేట్లు పొడిగించుకునే దారి మైక్రోసాఫ్టే ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లి సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే దానికి డబ్బు కూడా కట్టక్కర్లేదు. ఆ అబ్బాయి ఈ ముక్క మాకు చెప్పలేదు. తెలియక చెప్పలేదో, తెలిసీ చెప్పలేదో నాకు తెలియదు. అడగకపోవడం మాత్రం మా తప్పే.

మా కొత్తకోట మగ్గాల ఊరు. మా వీధి చివర ఒక పెద్దాయన ఇప్పటికీ చీరలు నేస్తాడు. ఆయన మగ్గం వాళ్ల నాన్న నాటిది. కొత్త డిజైన్ కావాలంటే పైనున్న జకార్డు అట్టలు మారుస్తారు. ఆ అట్టల బెజ్జాలే నేతకు లెక్క చెబుతాయి. కంప్యూటర్లకు తొలిరోజుల్లో లెక్కలు అందించిన బెజ్జాల కార్డులకు ఆ జకార్డే మూలం. ఒకసారి ఆయన్ని అడిగాను, ఇంత పాత మగ్గం ఇంకా ఎట్లా నడుస్తోందని. "చెక్క పుచ్చితే చెక్క మారుస్తం, తాడు తెగితే తాడు మారుస్తం. మొత్తం మగ్గాన్ని పారేస్తమా బిడ్డా?" అన్నాడు.

మేమూ అదే చేశాం. పాత హార్డ్ డిస్కులో పళ్లెం తిరుగుతుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ సగం నెమ్మది అక్కడే. దాని బదులు తిరిగే భాగాలేవీ లేని 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించాం. ఇంకో 4 జీబీ ర్యామ్ కలిపించాం. ఇక్కడొక జాగ్రత్త. కుక్కర్‌కి ఏ గ్యాస్కెట్ పడితే అది పట్టదు కదా, ర్యామ్ కూడా అంతే. మా దానికి డీడీఆర్3 రకమే పడుతుంది, ఇప్పుడొచ్చే డీడీఆర్4కి గాడి వేరే చోట ఉంటుంది. పాత ముక్కను చేతిలో పట్టుకుని వెళ్లి అలాంటిదే అడగండి. స్విచ్ వేసిన ప్రతిసారీ తేదీ తప్పు చూపించేది, దాంతో వెబ్‌సైట్లు తెరుచుకునేవి కావు. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ మారిస్తే ఆ రోగమూ పోయింది. చేతికూలితో కలిపి మూడున్నర వేలు. ఇప్పుడు చాయ్ మరిగే లోపే తెరుచుకుంటోంది.

వచ్చే అక్టోబరు తర్వాత ఏం చేయాలో కూడా ఇప్పుడే చూసుకున్నాం. లినక్స్ అని ఊరికే దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా దాని మీదే నేర్చుకుంటున్నారు. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ దాన్ని తెలుగులోకి తెచ్చే పని చేసింది. లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, కంప్యూటర్లో ఏమీ చెరపకుండానే నడిపి చూశాం. ఇంటర్నెట్ వచ్చింది, తెలుగు వచ్చింది, ప్రింటర్ పలికింది. స్కానర్ పలకలేదు. ఫోన్‌తో ఫొటో తీసుకుంటే సరిపోతుందనుకున్నాం. మీ పని అంతా ఒకే ప్రోగ్రామ్ మీద ఆధారపడి, అది విండోస్‌లోనే నడిచేదైతే ఈ దారి మీకు కుదరదు. అందుకే మార్చేముందు పెన్‌డ్రైవ్‌తో చూసుకోమనేది.

షరతులను ఏమార్చి విండోస్ 11 ఎక్కించే దొంగదారి ఉందని కూడా ఆ అబ్బాయి అన్నాడు. వద్దన్నాను. అట్లా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. భద్రత కోసం మారుస్తూ ఆ భద్రతకే హామీ లేకపోతే ఎందుకు?

కొత్తది కొనొద్దని నేను చెప్పడం లేదు. మదర్‌బోర్డు పోయినా, పిల్లల చదువుకు పెద్ద పని పడినా కొనాల్సిందే. నా బాధ వేరు. మిక్సీ జారు కారితే బుష్ మార్పించాలో, కొత్తది తేవాలో మనమే తేలుస్తాం. పట్టుచీర అంచు చిరిగితే మనమే చూసుకుంటాం. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది మనకేం తెలుసు" అని పక్కకు జరుగుతాం. తేల్చేది మగవాళ్లు, పిల్లలు, షాపతను. వాళ్లు దాని ధర చూస్తారు. అందులో ఏముందో మనకు తెలుసు.

ఇంకో మాట ఆడవాళ్లకే చెప్పాలి. ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చే డబ్బాలో మన ఇంటి ఫొటోలన్నీ ఉంటాయి. ఆడపిల్లల ఫొటోలు, ఆధార్ కాగితాలు, బ్యాంకు పుస్తకాల నకళ్లు. ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన అవి పోవు, తెలిసినవాడు వెనక్కి తీయగలడు. మొత్తం డిస్కు తుడిపించైనా ఇవ్వండి, లేదా డిస్కు ఊడదీసి మీ దగ్గరే పెట్టుకోండి. మా పాత హార్డ్ డిస్కు ఇప్పుడు బీరువాలో అత్తమ్మ చీరల కింద ఉంది.

పాటల్ని యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. మార్చిపెట్టే ప్రోగ్రామ్‌లున్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి. ఒక్కొక్క పాట పాత తెర మీద పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి. కొన్నిచోట్ల రాసింది తప్పో, అత్తమ్మ అట్లాగే పలికేదో తేలదు. అప్పుడు కాసేపు ఆగి, ఆమె గొంతు గుర్తు చేసుకుంటాను. ఇప్పటికి 27 అయినయి. విండోస్ గడువు తీరే రోజుల్లోనే ఈ ఏడు బతుకమ్మ కూడా వస్తోంది. అప్పటికి మిగతా 36 పూర్తిచేసి, ప్రింటు తీసి, మా వాడకట్టులో బతుకమ్మ ఆడే ఆడపిల్లలకు తలా ఒకటి ఇవ్వాలని ఉంది.

మీ ఇంట్లోనూ మూలన ఒక పాత కంప్యూటర్ ఉంటే, ఎవరికో ఇచ్చేముందు ఒక్క మధ్యాహ్నం దాని ముందు కూర్చోండి. అందులో ఏం దొరికిందో నాకూ చెప్పండి.