చేతికొచ్చేదే జీతం

2015 డిసెంబరులో నిజామాబాద్ జిల్లా బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ లేఆఫ్ ప్రకటించింది. ఊళ్లోనే కొలువు అన్న ఆశ అప్పటి నుంచి మరీ సన్నగిల్లింది. డిగ్రీ చేతికి రాగానే పిల్లలు హైదరాబాద్ బస్సెక్కుతున్నారు.

అక్కడ నెలకు పాతిక వేల జీతమంటే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. ఆ పాతిక వేలు సీటీసీ, అంటే ఉద్యోగిపై సంస్థ పెట్టే మొత్తం ఖర్చు అయి, అందులో మూలవేతనం 12,500 అనుకుందాం. పీఎఫ్‌కు ఉద్యోగి వాటా 1,500, సంస్థ వాటా మరో 1,500, వృత్తి పన్ను 200. చేతికొచ్చేది 21,800. సంస్థ కట్టాల్సిన వాటాను కూడా జీతంగా చూపి పిల్లల్ని ఆశపెట్టడం అన్యాయం. నియామక పత్రంలో చేతికొచ్చే మొత్తాన్ని విడిగా రాయాలని ప్రభుత్వం నిబంధన తేవాలి.

అసలు గండం మొదటి నెలే. గది అడ్వాన్సు, హాస్టల్ ఫీజు, బస్సు ఛార్జీలు ముందే కట్టాలి. జీతం నెలాఖరుకు గానీ పడదు. లోన్ యాప్‌లు కాచుకుని ఉండేది అప్పుడే. వీలైన తల్లిదండ్రులు రెండు నెలల ఖర్చు చేతికిచ్చి పంపాలి. ఇంటికెంత పంపమనాలో 21,800 చూసి నిర్ణయించుకోవాలి. వాయిదాల మీద కొత్త ఫోను కొనడం ఆరు నెలలు ఆగినా నష్టం లేదు. డిచ్‌పల్లి తెలంగాణ విశ్వవిద్యాలయం, జిల్లాలోని కాలేజీలు చివరి ఏడాదిలో పే స్లిప్ చదవడం నేర్పాలి. అందుకు ఒక్క పూట చాలు.