సెట్టులో చెల్లిన మాట

రిడ్లీ స్కాట్ పేరు చెప్పగానే ‘ఏలియన్’, ‘బ్లేడ్ రన్నర్’, ‘గ్లాడియేటర్’ గుర్తొస్తాయి. ‘థెల్మా అండ్ లూయీజ్’ను కూడా అదే వరసలో చేర్చి మొత్తం ఆయన ఖాతాలో వేయడం సమీక్షకులకు అలవాటైపోయింది. 1991 మే 24న అమెరికాలో విడుదలైన ఆ సినిమా, ఇద్దరు ఆడవాళ్ల స్నేహం మీద హాలీవుడ్‌లో వచ్చిన చిత్రాల్లో ముందు చెప్పుకోవలసింది. దర్శకుడి ప్రతిభ వల్లే అది అంత బాగా వచ్చిందనుకుంటే మాత్రం అసలు సంగతి మన చేజారిపోతుంది. ఆడవాళ్ల స్నేహం తెర మీద పండాలంటే, దాని లోపలి సంగతులు ఎరిగినవాళ్ల మాట కాగితం దగ్గర్నుంచి సెట్టు దాకా చెల్లాలి. ఈ సినిమా విషయంలో చాలావరకు చెల్లింది. ఎంతవరకు చెల్లింది, ఎక్కడ ఆగింది అన్నది ఆ చిత్రం వెనక ఉన్న మనుషులను ఒక్కొక్కరినే చూస్తే తెలుస్తుంది.

కథ రాసిన క్యాలీ ఖూరీకి అది తొలి స్క్రీన్‌ప్లే. ఆమె అప్పట్లో మ్యూజిక్ వీడియోల నిర్మాణంలో పనిచేసేవారు. తక్కువ ఖర్చుతో తానే దర్శకత్వం వహించి ఈ సినిమా తీయాలన్నది ఆమె ఆలోచన. అదే రంగంలో ఉన్న స్నేహితురాలు అమాండా టెంపుల్ నిర్మాతగా నిలబడదామనుకున్నారు. డబ్బు పుట్టలేదు. అప్పుడు అమాండా ఆ స్క్రిప్టును రిడ్లీ స్కాట్ కంపెనీ వ్యవహారాలు చూస్తున్న మిమీ పోక్‌కు చూపించారు, మిమీ దాన్ని స్కాట్ చేతిలో పెట్టారు. ఆయన మొదట నిర్మించడానికే ఒప్పుకున్నారు, దర్శకత్వం తర్వాత తీసుకున్నారు. అంటే పెద్ద దర్శకుడి బల్ల మీదికి చేరేలోపే ఈ కథ ముగ్గురు ఆడవాళ్ల చేతులు మారింది. స్నేహం గురించిన సినిమా స్నేహం వల్లే గట్టెక్కిందంటే అది అలంకారం కోసం అంటున్న మాట కాదు, జరిగిన వరసే అది.

ఖూరీ రాతలో గొప్పతనం ఎక్కడుందో చూడాలంటే కాల్పుల సన్నివేశాలు వదిలేసి మొదటి పది నిమిషాలు చూడాలి. ఇద్దరూ వారాంతానికి కొండల్లోని ఒక క్యాబిన్‌కు బయల్దేరుతున్నారు. థెల్మా ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన చాక్లెట్ బార్ తీసి ఒక ముక్క కొరికి మళ్లీ లోపల పెడుతుంది, కాసేపటికి మళ్లీ తీసి మళ్లీ కొరుకుతుంది. పెట్టెలో చేతికందిందల్లా కుమ్మేస్తుంది. లూయీజ్ ఇల్లు దాటే ముందు ఉన్న ఒక్క గ్లాసునూ కడిగి, తుడిచి, బోర్లించి మరీ వెళుతుంది. భర్తను సెలవు అడగడానికి నోరు రాని మనిషి ఒకరు, ఏ వస్తువూ చోటు తప్పనివ్వని మనిషి ఒకరు. వీళ్లిద్దరికీ ఎలా కుదిరిందని మనకెవరూ చెప్పరు, చెప్పాల్సిన పనీ ఉండదు. తర్వాత, బారు బయట థెల్మా మీద అత్యాచారానికి దిగినవాణ్ణి లూయీజ్ కాల్చేశాక, మెక్సికోకు పారిపోతూ కూడా టెక్సస్ మీదుగా మాత్రం వెళ్లనంటుంది. అక్కడ తనకేం జరిగిందో చివరిదాకా నోరు విప్పదు. థెల్మా ఊహించి అడుగుతుంది. లూయీజ్ గట్టిగా వద్దంటుంది. థెల్మా ఇక అడగదు. మాటల రచయితలు పేజీలకు పేజీలు రాసినా రాని స్నేహం ఆ అడగకపోవడంలో ఉంది. గాయం ఏమిటో ప్రేక్షకుడికి వివరంగా చూపించి తీరాలనే వ్యాపార సూత్రానికి ఖూరీ లొంగలేదు, ఆమె స్క్రిప్టును అక్కడ ఎవరూ కెలకనూ లేదు.

నటీనటుల సంగతికొస్తే, థెల్మాగా జీనా డేవిస్, లూయీజ్‌గా సూసన్ సరాండన్. ఈ సినిమాలో వేషం కోసం డేవిస్ దాదాపు ఏడాదిపాటు ఏజెంటు ద్వారా పట్టు వదలకుండా అడిగిస్తూనే ఉన్నారు. ఆమె తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు ‘డైయింగ్ ఆఫ్ పొలైట్‌నెస్’, మర్యాదకు పోయి నలిగిపోవడమన్న అర్థంలో. స్క్రిప్టు మీద చర్చకు తొలిసారి కూర్చున్నప్పుడు సరాండన్ మొదటి పేజీ నుంచే ఏ నసుగుడూ లేకుండా మార్పులు చెప్పడం చూసి తాను నివ్వెరపోయానని డేవిస్ ఎన్నోసార్లు చెప్పారు. కారు నడిచే ఒక షాట్‌లో పై బట్ట తీసేస్తే బాగుంటుందని దర్శకుడు తనను అడిగినప్పుడు, సరాండన్ వెళ్లి అది కుదరదని ఆయనకు సూటిగా చెప్పి వచ్చారని కూడా ఆమే చెప్పారు. కథలో లూయీజ్ థెల్మాకు అడ్డం నిలబడినట్టే సెట్టులో సరాండన్ డేవిస్‌కు అడ్డం నిలబడ్డారు. ఇక తెర మీద కనిపించే ఒక దృశ్యం: ఎడారి దారిలో దుమ్ముపట్టిన ఒక చోట లూయీజ్ ఉంగరాలు, చెవిపోగులు, గడియారం ఒక్కొక్కటే ఒలిచి అక్కడ కూర్చున్న ముసలాయనకు ఇచ్చేసి, బదులుగా ఆయన టోపీ తీసుకుంటుంది. ఒక్క మాట లేదు. ఆ ఆలోచన సరాండన్‌దే. చివర్లో కారు లోయ వైపు దూకే ముందు ఇద్దరి మధ్య ముద్దు కూడా ఆమె సూచనే. పొద్దు వాలిపోతుంటే, మళ్లీ మళ్లీ తీసే వెసులుబాటు లేకుండా తీసిన షాట్ అది.

దుస్తుల రూపకర్త ఎలిజబెత్ మెక్‌బ్రైడ్ పేరును సమీక్షల్లో వెతుక్కోవాలి. మొదట్లో కుచ్చులు, లిప్‌స్టిక్, తలకు బిగించి కట్టిన స్కార్ఫ్. చివరికొచ్చేసరికి చేతుల్లేని టీ షర్టులు, ఎండకు కమిలిన భుజాలు, దుమ్ము. ఎక్కడ మారారో పట్టుకోలేం, అంత నెమ్మదిగా మారుస్తారు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. దర్శకుడు మగవాడు, ఛాయాగ్రాహకుడు ఏడ్రియన్ బిడిల్, ఎడిటర్ టామ్ నోబుల్, సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ అందరూ మగవాళ్లే. మరి ఇది ఆడవాళ్ల మాట చెల్లిన సినిమా ఎలా అవుతుంది? వీళ్ల పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వెడల్పాటి ఫ్రేములో నీలిపచ్చ రంగు 1966 థండర్‌బర్డ్ కారు, పక్కపక్కనే ఇద్దరి ముఖాలు, వాళ్ల వెనక అంతకంతకూ పెద్దదయ్యే ఆకాశం, ఇది బిడిల్ చలవ. కథలో గ్రాండ్ కాన్యన్ అనుకునే ఆఖరి చోటు నిజానికి యూటా రాష్ట్రంలో డెడ్ హార్స్ పాయింట్ దిగువన, కొలరాడో నది ఒడ్డున ఉంది. ఆ చోటును ఎంచుకున్న కన్ను స్కాట్ బృందానిదే. కానీ మనం అడగాల్సింది సెట్టులో ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు అని కాదు, ఏ విషయంలో ఎవరి మాట నెగ్గిందని. సరాండన్ వద్దన్నప్పుడు స్కాట్ విన్నారు, నగలిచ్చి టోపీ తీసుకుందామన్నప్పుడూ విన్నారు. వినడం కూడా దర్శకత్వమే. మగవాళ్లందరినీ దుర్మార్గులుగా చూపించారని అప్పట్లో అమెరికా పత్రికల్లో రేగిన దుమారానికి సమాధానం కూడా సినిమాలోనే దొరుకుతుంది. హార్వీ కైటెల్ వేసిన డిటెక్టివ్ చివరిక్షణం దాకా వాళ్లను ప్రాణాలతో కాపాడాలని పరుగెత్తుతాడు. మైకేల్ మాడ్సెన్ వేసిన జిమ్మీ లూయీజ్ కోసం డబ్బూ, ఉంగరమూ పట్టుకుని అంతదూరం వస్తాడు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ముగింపు గురించి. స్వేచ్ఛ కోరిన ఆడవాళ్లకు చావే గతి అని చెప్పినట్టు కాలేదా అంటారు. లోయలోకి పడిపోతున్న కారు కనిపించే పొడవాటి ముగింపు ఒకటి ఉండేది, దాన్ని తీసేశారు. విడుదలైన సినిమాలో కారు గాలిలో ఉండగానే చిత్రం నిలిచిపోయి తెల్లబడిపోతుంది. పతనాన్ని చూపిస్తే అది శిక్ష అయ్యేది. చూపకపోవడం వల్ల మన కళ్లలో మిగిలేది పట్టుకున్న రెండు చేతులు. వాళ్లు చావును కోరుకున్నారనడం కన్నా, ఒకరినొకరు వదిలి వెనక్కి వెళ్లడానికి ఒప్పుకోలేదనడం ఆ దృశ్యానికి దగ్గరగా ఉంటుంది. ఈ జవాబుతో అందరూ తృప్తి పడరు. నాకు మాత్రం ఇదే సరైనదనిపిస్తుంది.

ఆ ఏడాది ఆస్కార్‌కు ఈ చిత్రం ఆరు నామినేషన్లు తెచ్చుకుంది. ఇద్దరు కథానాయికలూ ఉత్తమ నటి పోటీలో నిలిచారు. ఒకే సినిమా నుంచి ఇద్దరు అలా నిలవడం అరుదు. అంతకుముందు ఆ ఘనత దక్కిన ‘ఆల్ అబౌట్ ఈవ్’లో ఆ ఇద్దరూ పోటీదారులు, ‘ద టర్నింగ్ పాయింట్’లో అసూయ తొలిచే పాత స్నేహితులు, ‘టర్మ్స్ ఆఫ్ ఎండియర్‌మెంట్’లో తల్లీకూతుళ్లు. ఒకరి కోసం ఒకరు నిలబడే స్నేహితురాళ్లుగా వచ్చినవాళ్లు వీళ్లు. ఆరింటిలో చేతికందిన విగ్రహం ఒక్కటే, అది ఖూరీ స్క్రీన్‌ప్లేకి. 2016లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ చిత్రాన్ని జాతీయ చలనచిత్రాల జాబితాలో చేర్చింది. డేవిస్ 2004లో తెర మీద ఆడవాళ్లకూ ఆడపిల్లలకూ ఎంత చోటు దక్కుతోందో లెక్కగట్టే సంస్థ పెట్టారు.

హాలీవుడ్‌లో ఎవరికి అవకాశం దొరికితే మనకేమిటనుకునేవారు సావిత్రిని గుర్తు చేసుకోవాలి. 1968లో ఆమె ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించినప్పుడు సంగీతం పి. లీలకు అప్పగించారు. సావిత్రి నటన గురించి మన పత్రికలు రాసిన పుటలకు లెక్కలేదు. ఆమె దర్శకత్వం గురించి రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నటిగా మెచ్చుకోవడానికి ఎవరికీ బరువు లేదు, నిర్ణయం చేతికివ్వడం దగ్గరే చేయి వెనక్కి పోతుంది.

అక్కడా అదే జరిగింది. ‘థెల్మా అండ్ లూయీజ్’ ఘనవిజయం తర్వాత ఇక ఆడవాళ్ల కథలు వరసకడతాయని అమెరికా పత్రికలు జోస్యం చెప్పాయి. తన కథకు తానే దర్శకత్వం వహించాలనుకున్న ఖూరీ 1995లో ‘సమ్‌థింగ్ టు టాక్ అబౌట్’ రాస్తే, దానికి దర్శకుడు లాసె హాల్‌స్ట్రామ్. ఆమె తొలిసారి సినిమాకు మెగాఫోన్ పట్టింది ‘డివైన్ సీక్రెట్స్ ఆఫ్ ద యా-యా సిస్టర్‌హుడ్’ కోసం. అదీ స్నేహితురాళ్ల కథే. విడుదలైన సంవత్సరం 2002. ఆమె ఆస్కార్ అందుకుని అప్పటికి పదేళ్లు.