శాస్త్రనామాలలో మన మాటలు

వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం అభ్యసించే మన విద్యార్థులు ఏటేటా ఒక మాట అంటుంటారు: "ఈ లాటిన్ పేర్లు నోటికి తిరగవు, పరీక్ష ముగిసిన మరునాటికి మనసులో నిలవవు." ఈ ఫిర్యాదులో సత్యం లేకపోలేదు. కాని ఆ పేర్లన్నీ పరాయివన్న భావన మాత్రం సరికాదని మేము తలుస్తున్నాము. వాటిని విప్పి చూస్తే మన తెలుగూ, మన ఉర్దూకు పదసంపదనిచ్చిన పారసీకమూ, అరబ్బీ కూడా అందులో వినవస్తాయి.

ముందుగా అట్టి పేర్ల అవసరమేమిటో చూడాలి. మన వెలిగొండలలో పెరిగే ఎర్రచందనాన్ని పేరునుబట్టి శ్రీగంధానికి తోబుట్టువనుకుంటాము. పూవునూ కాయనూ పరిశీలించిన శాస్త్రజ్ఞుడు మాత్రం దానిని చిక్కుడు, కంది, కానుగల కుటుంబంలో చేర్చాడు. శ్రీగంధానిది వేరు వంశం. ఒకే మొక్కకు ఊరికొక పేరు, ఒకే పేరుకు రెండు మొక్కలు ఉన్నచోట శాస్త్రచర్చ సాగదు. అందువల్లనే స్వీడన్ దేశీయుడైన లిన్నేయస్ 1753లో మొక్కలకూ, 1758లో జంతువులకూ రెండేసి పదాల పేర్లను స్థిరపరచాడు. మొదటి పదం ప్రజాతి, రెండవది జాతి. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత చెప్పుకొనే తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు.

ఇక మన వాకిటి వేపను చూద్దాం. లిన్నేయస్ వేపకు 'మీలియా అజాడిరక్టా' అనీ, తురకవేపకు 'మీలియా అజెడరాక్' అనీ పేర్లు పెట్టాడు. రెండింటిలోనూ ఉన్నది 'ఆజాద్ దరఖ్త్' అనే పారసీక పదమే. ఉర్దూ విద్యార్థికి దీని అర్థం చెప్పనక్కరలేదు; తెలుగు విద్యార్థికి స్వేచ్ఛావృక్షమని చెబితే చాలు. 1830లో ఆద్రియాన్ ద జుస్స్యూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వేపను వేరు ప్రజాతిగా విడదీయగా అది 'అజాడిరక్టా ఇండికా' అయినది. అది వేపకు చుట్టమేగాని వేప కాదని మన పల్లెవారు ఏనాడో గుర్తించి, తురకవేప అని రెండు మాటలలోనే చెప్పారు.

జుస్స్యూ అదే రచనలో అదే కుటుంబానికి చెందిన మరొక చెట్టుకు 'సొయ్‌మిడా' అని ప్రజాతినామం పెట్టాడు. అది మన సోమిద! దాని బెరడు జ్వరహరమని రాక్స్‌బర్గ్ పెట్టిన 'ఫెబ్రిఫ్యూగా' అన్న మాట ఆ పేరులో నేటికీ నిలిచి ఉన్నది. ఒకే రచనలో ఒక చెట్టు పారసీక నామంతోను, దాని జ్ఞాతి తెలుగు నామంతోను లోకప్రసిద్ధి పొందాయి. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు కింద వినిపించే విద్యాలయానికి ఇంతకంటె తగిన పాఠమేముంటుంది?

చింత 'టామరిండస్ ఇండికా' అయినది 'తమర్ హిందీ', అనగా హిందూదేశపు ఖర్జూరం, అన్న అరబ్బీ మాట వలన. ఆ చెట్టు పుట్టినిల్లు ఆఫ్రికా అని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయం. అయినా తొలి పేరే చెల్లుతున్నది. కట్లపాము ప్రజాతి 'బంగారస్'లో మన బంగారమే ఉన్నది. విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చువేయించిన గ్రంథంలో 'బంగారు పాము' అన్న తెలుగు పేరును వ్రాసుకొన్నాడు. దానినుండే 1803లో దోదాన్ ఈ ప్రజాతినామం కల్పించాడు.

ఈ పేర్లు గ్రంథాలకెక్కినవి స్థానికులు చెప్పగా విన్నందువలన. చెప్పినవారి పేర్లు మాత్రం ఎక్కలేదు.

పేరు తెలిసినవారిని అడగడం ఎంత అవసరమో కలివికోడి కథ చాటుతున్నది. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ లోకానికి పరిచయం చేసిన ఈ పక్షిని 1848లో బ్లైత్ శాస్త్రీయంగా వర్ణించాడు. 1900 తరువాత అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు, అంతరించినదనే తలచారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు పల్లెపల్లెకు వెళ్ళి వేటగాళ్ళను విచారించిన తరువాత, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి వద్ద, స్థానికుని సాయంతోనే అది మరల దొరికినది. శాస్త్రానికి లేకుండా పోయిన పక్షి ఆ పల్లెవారి ఎరుకలో ఉండనే ఉన్నది.

అనంతసాగరం, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల పల్లెలనుండి వచ్చే మన విద్యార్థుల ఇండ్లలో అట్టి ఎరుక గల తాతలూ నానమ్మలూ, గొర్రెల కాపరులూ, మూలికలెరిగిన యానాదులూ ఇంకా ఉన్నారు. వారితోపాటే ఆ పేర్లూ, ఆ పేర్లతో ముడిపడిన ఉపయోగాలూ నశించిపోతే మరల సంపాదించుకొనే మార్గం లేదు.

కనుక కళాశాల పాలకవర్గానికి మా మనవి ఒకటి. ప్రతి విద్యార్థి తన ఊరినుండి ఏటా పది మొక్కల వివరాలు సేకరించాలి: తెలుగు పేరు, ఉర్దూ పేరు, చెప్పినవారి పేరు, ఉపయోగం. శాస్త్రనామం సరిచూసే బాధ్యత అధ్యాపకులది. వీటినొక పెద్ద పుస్తకంలో చేర్చి గ్రంథాలయంలో భద్రపరచాలి. దీనికయ్యే వ్యయం స్వల్పం. మార్కులు రావు గదా అనే విద్యార్థులకు మా సమాధానం ఇది: తమ అవ్వ చెప్పిన పేరు పక్కన శాస్త్రనామాన్ని స్వహస్తంతో వ్రాసినవారికి అది పరీక్ష ముగిసిన తరువాత కూడా జ్ఞాపకముంటుంది.