ఆసుపత్రిని ఎంచుకునేది ఎవరు?

ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో కొత్త వైద్య బీమా విధానానికి ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల రూపాయల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు ఖర్చు భరిస్తాయట. పేదల వైద్యాన్ని ప్రైవేటుకు అప్పగిస్తున్నారని ప్రతిపక్షం మండిపడుతోంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది కూడా బీమా కంపెనీతోనే; ఆ సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

మమ్మల్ని కలవరపెడుతున్నది వేరు. మరుసటి నెలలోనే బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. జాబితా ఎంత పొడవుంటే ఏం, కార్డు పట్టుకొని గుమ్మంలో నిలబడిన రోగికి ఎంచుకునేందుకు ఏం మిగిలింది? చిన్న ఊరి ఆసుపత్రి బకాయిలు మోయలేక తప్పుకుంటే, ఇక విజయవాడ బస్సెక్కడమే. కంపెనీ చికిత్సకు ఒప్పుకోకపోతే ఆ రాత్రే ఎవరిని అడగాలో ప్రభుత్వం ఒప్పందంలోనే రాయించాలని కోరుతున్నాము.